తెల్ల కియిజ్ మీద ఎర్ర చుక్కలు

మే 11

కియిజ్ చేయడం అయిపోయింది. చేతులు పైకి లేవడం లేదు. అయినా రాయకుండా పడుకుంటే ఈ రోజు మళ్ళీ దొరకదు.

పొద్దున్నే వీధిలోని ఆడవాళ్ళంతా మా వాకిట్లోకి వచ్చారు. ఆకులు రాలే కాలంలో గొరిగిన గొర్రెపిల్లల ఉన్ని, అందులోనూ తెల్లది మాత్రమే ఏరి, అత్తయ్య చలికాలమంతా మూటల్లో దాచింది. దాన్ని రెల్లు చాప మీద మందంగా పరిచి, మరిగే నీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి తాళ్ళు బిగించాం. ఆ తర్వాత పని కాళ్ళది. వరసగా నిలబడి ఆ చుట్టని తన్నుకుంటూ వాకిలి ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి.

నా పక్కన కాలిపా పిన్ని. పక్కింటావిడ. ఊళ్ళో ఎవరి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ఆవిడకి తెలుసు.

"సిస్టర్ల బళ్ళో తన్నడం నేర్పలేదా తల్లీ? గుర్రం తన్నినట్టుండాలి. నువ్వు చీమకి ఎక్కడ దెబ్బ తగులుతుందో అన్నట్టు తంతున్నావు" అంది.

అందరూ నవ్వారు. నాకు ముఖం వేడెక్కింది.

"దానికి నోరు లేదని ఊరంతా అనుకుంటోంది. ఇక కాళ్ళు కూడా లేవనుకుంటారు. తన్నవే!" అంది అత్తయ్య.

తన్నాను. చెప్పు ఎగిరి వెళ్ళి కాలిపా పిన్ని టీ గిన్నెలో పడింది. ఈసారి నేను కూడా నవ్వాను.

పొద్దు వాలాక చాప విప్పితే, విడివిడి ఉన్ని కాస్తా ఒకే దళసరి బట్టయి, కియిజ్ అయి కూర్చుంది. మచ్చ లేని తెలుపు. మా గుడారానికి అదే పైకప్పు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు మొదటి వేసవి తెల్ల గుడారంలోనే గడపాలి. నెలాఖరుకి పై మేతకి కొండెక్కుతాం. మామయ్య గొర్రెలతో ముందే వెళ్ళిపోయారు. అత్తయ్య, మెదెత్, నేను సామానుతో లారీలో వెళ్ళాలి.

ఇంట్లో మొగుడి పేరు పలకకూడదు. ఇక్కడ రాసుకోవచ్చు. మెదెత్. మెదెత్.

మే 14

ఇవాళ కూడా టీ కడుపులో నిలవలేదు. నీళ్ళ మార్పు.

మే 15

నీళ్ళ మార్పే. పట్నం నీళ్ళు తాగి పెరిగినదాన్ని. అమ్మా నాన్నా పోయాక బాబాయి నన్ను సిస్టర్ల హాస్టల్లో వేసిన దగ్గర్నుంచి కుళాయి నీళ్ళే. ఇక్కడి వాగు నీళ్ళు పడడానికి టైం పడుతుంది.

అత్తయ్య గొర్రె కొవ్వు కరిగిస్తుంటే బయటికి పరిగెత్తాను. నావైపు అదోలా చూసింది. నేనంటే ఇష్టం లేదని నాకు తెలుసు. పర్వాలేదు.

మే 17

పెరటి వెనక దొలోనో చెట్లున్నాయి. ముళ్ళ చెట్లు, శరత్తులో ఎర్రకాయలు కాస్తాయి. ఈ ఏడాది గొంగళిపురుగులు వాటి చిగుళ్ళన్నీ తినేశాయి. నేను వచ్చిన కొత్తలో మంచులో కూడా కొమ్మల చివర్ల పట్టుదారంతో కుట్టిన ఎండుటాకు పొట్లాలు వేలాడుతుండేవి. వాటిలోనే చలికాలమంతా గడిపాయన్నమాట. పోయిన వారం దాకా వీపు మీద నలుపూ నారింజా చారలతో, పక్కల బూడిదరంగు నూగుతో కనిపించాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

వెతికితే దొరికాయి. పురుగులుగా కాదు. కొమ్మలకీ, కంచె కర్రలకీ, ఇంటి చూరు కిందా తొడుగులై అతుక్కున్నాయి. వేలి కణుపంత ఉంటుంది ఒక్కోటి. పచ్చదనం కలిసిన తెలుపు, మీద నల్ల చుక్కలు, అక్కడక్కడా పసుపు. తోక కొమ్మకి అంటుకుని, నడుముకి ఒకే ఒక సన్నదారం, మొలతాడు కట్టుకున్నట్టు.

సిస్టర్ యాద్విగా మాకు ప్రకృతి పాఠం చెప్పేది. "ముందు చూసింది రాయండి, పేరు తర్వాత" అనేది. ఇప్పటికి చూసింది రాశాను. పేరు తెలీదు.

పెళ్ళయ్యాక ఇంత సంతోషంగా గడిపిన గంట ఇదే అని రాయబోయి ఆగాను. ఆదివారం మెదెత్ నన్ను లారీలో వాగు దాకా తీసుకెళ్ళాడు కదా.

మే 19

కియిజ్ పాడైంది.

పూర్తిగా ఆరలేదని నిన్న సాయంత్రం అత్తయ్యా నేనూ దాన్ని మోసుకెళ్ళి దొలోనో చెట్ల కింద కంచె మీద వేశాం. ఈ పొద్దున కాలిపా పిన్ని కేక విని పరిగెత్తాం. తెల్లటి కియిజ్ మీద ఎర్ర చుక్కలు. కొన్ని నాణెమంత, కొన్ని సూదిమొనంత. ఇంకా తడిగానే ఉన్నాయి. మేకని కోసినట్టు.

"రక్తం" అంది కాలిపా పిన్ని. తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అత్తయ్య చుక్కల వైపే చూస్తూ నిలబడింది. ఆవిడ అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత బకెట్టుతో చన్నీళ్ళూ, ఉప్పూ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని రుద్దింది. నేనూ పక్కన కూర్చోబోతే "నువ్వు ముట్టుకోకు" అంది. గట్టిగా కాదు. నెమ్మదిగా. అదే భయం వేసింది.

మధ్యాహ్నం దాకా రుద్దింది. చుక్కలు పోలేదు. ఇటుక రంగుకి తిరిగాయి.

మే 20

వాన. చలి.

అత్తయ్య టీ పోస్తూ చెప్పింది: "ఈ ఏడు నువ్వు కొండకి రావద్దు. నెలాఖరున మెదెత్ నిన్ను మీ బాబాయి ఇంట్లో దింపుతాడు. ఆకులు రాలాక చూద్దాం."

మెదెత్ "ఎందుకమ్మా?" అన్నాడు.

"ఎందుకో నీకెందుకు? లారీ తోలేవాడివి లారీ తోలు."

"నా పెళ్ళాం కదమ్మా!"

"నా కోడలు కాదా?"

నేను తలవంచుకుని టీ తాగాను. నిలవలేదు.

మే 21

మంచిదే. బాబాయి ఇంటి నుంచి సిస్టర్ల లైబ్రరీ నడిచి వెళ్ళేంత దూరం. వేసవంతా చదువుకోవచ్చు. కొండ మీద ఏముంటుంది, గొర్రెలూ, గాలీ, పేడ పొగా. నిజంగా మంచిదే.

కాలిపా పిన్ని పెరుగు తెచ్చి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. పై వీధిలో ఒకమ్మాయిని ఇలాగే "ఆకులు రాలాక" అని పుట్టింటికి పంపారట. ఆకులు నాలుగుసార్లు రాలాయట.

"మీ అత్త చెడ్డది కాదమ్మా. కానీ ఒకసారి అనుకుందంటే కొండ జరగాలి గానీ ఆవిడ జరగదు."

"నేనేం చేశాను పిన్నీ?"

"నువ్వేం చేస్తావు? నువ్వొచ్చిన ఏడాదే ఆ చుక్కల అపశకునం పడింది, అంతే."

మంచిదే అని రాశాను పైన. కొట్టేయను. కానీ మెదెత్ రాత్రి నా జడ విప్పుతూ ఏడ్చాడు, నేను నిద్రపోయాననుకుని.

మే 22

వాన తగ్గింది. ఒకటి చూశాను. జాగ్రత్తగా రాయాలి.

రక్తమైతే చన్నీళ్ళకీ ఉప్పుకీ పోవాలి. ఆడవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. పోలేదు. అత్తయ్యకీ ఇది తెలుసు, కానీ తలుచుకోవడం లేదు.

రెండోది. మా ఇంటి సున్నం గోడ మీద, చూరు కింద కూడా అవే చుక్కలున్నాయి. ఎవరూ గోడ వైపు చూడలేదు. ఏ చుక్కకి పైన చూసినా చూరుకి ఒక తొడుగు. ఖాళీది. వీపు పగిలి, గాజు కాగితంలా పలచగా, ఊదితే ఊగుతోంది. నల్లచుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. దొలోనో కొమ్మలకీ అంతే. కియిజ్ వేసిన చోట కొమ్మ నిండా ఖాళీ తొడుగులు.

తొడుగులోంచి బయటికి వచ్చేటప్పుడు సీతాకోకచిలుకలు లోపల మిగిలినదాన్ని వదిలేస్తాయి. సిస్టర్ చెప్పింది. ఎర్రగా ఉంటుందని చెప్పిందో లేదో గుర్తు లేదు.

మెదెత్‌కి గోడ చూపించాను. ఎగిరి గంతేశాడు. కొండ మలుపు దాకా వెళ్ళి సిగ్నల్ పట్టుకుని, ఫోనులో వెతికి, బొమ్మ తెచ్చి వాళ్ళమ్మ ముందు పెట్టాడు.

"చూడమ్మా. సీతాకోకచిలుక వదిలిన నీళ్ళు. ఎర్రగా ఉన్నాయి చూడు."

"మొన్న ఇందులోనే రెండు తలల మేకని చూపించావు."

"అది వేరే..."

"చంద్రుడి మీద మన ఊరి మసీదు కూడా చూపించావు. నాయనా, ఆ పెట్టెలో దయ్యాలకి కూడా పెళ్ళిళ్ళవుతాయి. తీసెయ్ నా కళ్ళ ముందు నుంచి."

నావైపు తిరిగింది. నేను చెప్పాల్సింది. గోడ గురించి, ఉప్పు గురించి, ఖాళీ తొడుగుల గురించి. నోరు తెరిచాను. "అత్తయ్యా..." అన్నాను. అంతే వచ్చింది.

"టీ తాగు. ముఖం చూడు ఎలా పాలిపోయిందో" అంది.

మే 23

ఇంకా విచ్చుకోని తొడుగులున్న కొమ్మలు నాలుగైదు కోసి గ్లాసులో పెట్టాను. కిటికీ పైన అరలో ఉంచాను. అక్కడైతే పొద్దుటి ఎండ తగులుతుంది.

మే 24

ఒక తొడుగుకి పక్కన గుండ్రటి కన్నం పడింది. లోపల్నుంచి సన్న నడుము నల్ల కందిరీగ ఒకటి వచ్చింది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడే తల్లి కందిరీగ దానిలో గుడ్డు పెట్టి పోయింది, లోపల ఉన్నదాన్ని తినేసి ఇది పెరిగింది. ఎర్రచుక్క లేదు, ఏమీ లేదు.

చాలాసేపు ఏడ్చాను. కందిరీగ గురించి ఇంత ఏడవడం ఏమిటో.

అత్తయ్య గుమ్మంలో నిలబడి "ఏమైంది, ఎక్కడైనా నొప్పా?" అంది.

"లేదు అత్తయ్యా."

"నడుమా?"

"లేదు."

వెళ్ళిపోయింది. కాసేపటికి ఎండు ఆప్రికాట్లు నానబెట్టిన నీళ్ళు గ్లాసెడు నా పక్కన పెట్టి, నావైపు చూడకుండానే పోయింది. అది మాత్రం నిలిచింది.

మే 25

బాగా ఎండ కాసింది. వాగు ఒడ్డు బురద మీద తెల్లగా ఎవరో కాగితాలు చింపి పోసినట్టుంది. దగ్గరికి వెళితే కాగితాలన్నీ రెక్కలు మూసుకుని నీళ్ళు తాగుతున్నాయి. ఒకదాన్ని గాజు గిన్నె కింద పెట్టి చూశాను.

చూసింది:

రెక్కలు విప్పితే నా అరచేతికి కాస్త తక్కువ. తెలుపు. పాల తెలుపు కాదు, కొంచెం మీగడ రంగు. రెక్క నిండా నరాలు నల్లగా. సన్న కలంతో గీతలు గీసి, ఇంకు ఇగరకముందే అంచుల దగ్గర ఒక్కో గీతకీ చిన్న మరక వదిలినట్టు. నరాలు తప్ప ఇంకే గుర్తూ లేదు. చుక్క లేదు, కన్ను లేదు. కిందివైపు కూడా అంతే. మీసాలు నలుపు, చివర ఉబ్బి ఉంటాయి, కొసన మాత్రం లేత రంగు. ఒళ్ళు నల్లగా, బూడిదరంగు నూగుతో.

ఇంకోదాన్ని చూస్తే ముందు రెక్కలు తెల్లగానే లేవు. వాటి గుండా వాగు కనిపిస్తోంది. వేరే జాతి అనుకున్నాను ముందు. కాదు. నరాలు అవే, మీసాలు అవే. ఇది ఆడది. ముందు రెక్కల మీద పొడి అసలే పలచన, ఉన్న కాస్తా రాలిపోయింది.

క్యాబేజీ మీద వాలేది కాదు. దానికి రెక్క మూల నల్లగా ఉంటుంది, మధ్యలో చుక్కలుంటాయి. పై మేతలో తిరిగే పెద్దదీ కాదు. దాని వెనక రెక్కల మీద ఎర్రటి కళ్ళుంటాయి, హాస్టల్ గోడ మీద బొమ్మ ఉండేది. ఆ పెద్దదాని చెల్లెలు ఒకటి ఉంది, చూడడానికి దీనిలాగే పలచగా ఉంటుంది, కానీ ముందు రెక్కకి రెండు నల్లచుక్కలుంటాయి. దీనికి లేవు.

కాబట్టి ఇది సిస్టర్ పాఠంలో విన్న నల్లనరాల తెల్ల సీతాకోకచిలుక. దొలోనో మీద, ఆపిల్ మీద పెరిగేది. అరుదైనదేం కాదు. ఈ కొండల్లో అన్నిచోట్లా ఉండేదే. ప్రతి వేసవీ అందరి కళ్ళముందు ఎగిరేదే. చాలా ఏళ్ళు కొద్దిగా ఉంటుంది, ఏదో ఒక ఏడు ఇలా విరగబడుతుంది.

ఇంట్లోకి వచ్చి అత్తయ్యతో "వాగు దగ్గర చాలా సీతాకోకచిలుకలున్నాయి" అన్నాను. నా అంతట నేనే.

"ఉంటాయి" అంది పిండి కలుపుతూ. "ఉంటే ఏం?"

"వాటి వల్లే..."

"అమ్మాయ్, ఇంత వయసొచ్చింది నాకు. సీతాకోకచిలుకకి అంత రక్తం ఎక్కడిదే?"

అది రక్తం కాదని చెప్పాలి. చెప్పలేదు. సిస్టర్ల దగ్గర పది మంది ముందు నిలబడి పద్యం కూడా అప్పజెప్పలేకపోయేదాన్ని.

మే 26

అత్తయ్య నా పెట్టె సర్దింది. ఉన్ని మేజోళ్ళు కొత్తవి పెట్టింది. తనకోసం అల్లుకున్నవి.

గ్లాసులో మూడు తొడుగులు నల్లబడ్డాయి. లోపల రెక్కల గీతలు బయటికి కనిపిస్తున్నాయి. రేపే.

అత్తయ్య తన తెల్ల తలగుడ్డని ఉతికి, ఎప్పట్లాగే కిటికీ దగ్గర తాడు మీద ఆరేసింది. గ్లాసు ఉన్న అర సరిగ్గా దానిపైనే ఉంది. నేను ఎండ కోసమే పెట్టాను అక్కడ. ఇంట్లో పొద్దుటి ఎండ తగిలే చోటు అదొక్కటే. మిగతా చోట్ల తగలదు.

కొమ్మల్ని కొంచెం ముందుకి జరిపాను. ఎండ కోసమే.

మే 27

రోజంతా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, జరిగింది జరిగినట్టు.

పొద్దున లారీ వాకిట్లో నిలబెట్టి మెదెత్ ఇంజను వేడి చేస్తున్నాడు. నా పెట్టె ఎక్కించేశాడు. అత్తయ్య మాతో పట్నం దాకా వస్తానంది, బాబాయితో తనే మాట్లాడతానంది. తలగుడ్డ కట్టుకుందామని తాడు మీద నుంచి తీసింది. తీసి, అలాగే ఆగిపోయింది.

గుడ్డ మీద ఎర్రచుక్క. తడిగా.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కదల్లేదు. అత్తయ్య ముఖంలోంచి రంగంతా దిగిపోయింది. గుడ్డని గుండెకి అదుముకుని "ఇంట్లోకి కూడా వచ్చేసిందా" అంది. నాతో కాదు.

అప్పుడు ఆవిడ మణికట్టు మీద ఇంకో చుక్క పడింది.

పైకి చూసింది. నేనూ చూశాను. ఖాళీ తొడుగుల్ని పట్టుకుని రెండు వేలాడుతున్నాయి. మూడోది సగం బయటికి వచ్చింది. మొదటిదాని రెక్కలు తడిసి ముడుచుకున్న గుడ్డలా ఉన్నాయి. చూస్తుండగానే అవి కిందికి జారుతూ, నరం నరం సాగుతూ, నున్నగా వచ్చాయి. అది ఒకసారి వణికింది. పొట్ట చివర ఎర్రబొట్టు ఊరింది. పడింది.

అత్తయ్య మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"రక్తం వాసన లేదు" అంది.

"కాదు అత్తయ్యా. పురుగుగా ఉన్నప్పుడు తిన్నదాంట్లో మిగిలింది. రెక్కలొచ్చాక అక్కర్లేదు కదా, వదిలేస్తుంది. కియిజ్ మీదా ఇవే. దొలోనో కొమ్మ నిండా ఖాళీ తొడుగులున్నాయి. గోడ మీదా ఉన్నాయి. ఉప్పుకి పోలేదు చూశారా. రక్తమైతే పోయేది."

ఈ ఇంటికి వచ్చాక నేను ఒక్కసారిగా మాట్లాడిన మాటల్లో ఇవే ఎక్కువ.

బయట మెదెత్ హారన్ కొట్టాడు. "అమ్మా! బయల్దేరదామా?"

"ఆపరా ఆ ఇంజను! డీజిలు తాగే గాడిదా!"

ఇంజను ఆగింది. అత్తయ్య నేల మీద కూలబడింది. పైనున్నవాటినే చూస్తోంది. కళ్ళు దించకుండానే అడిగింది.

"ఆ ఏడాది కూడా ఇవేనా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మెదెత్ కంటే ముందు ఆవిడకో ఆడపిల్ల. అత్తయ్య పెళ్ళై వచ్చిన రెండో ఏడు. మొదటి వేసవి వాడిన తెల్ల కియిజ్‌నే మళ్ళీ తీసి ఆరేస్తే దాని మీద ఇలాగే చుక్కలు. వాళ్ళ అత్తగారు "ఎవరికీ చెప్పకు, రుద్దెయ్" అందట. రుద్దిందట. చంటిపిల్లని ఎత్తుకుని అదే కియిజ్ కిందికి, పై మేతకి వెళ్ళిందట. పిల్లకి జ్వరం. గుర్రం మీద కిందికి దించేసరికి పోయింది.

"నాకు తెలిసి కూడా నోరు మూసుకుని తీసుకెళ్ళాను. దేవుడు హెచ్చరిక పంపితే ఉప్పు పెట్టి రుద్దాను. అందుకే నిన్ను పైకి వద్దన్నాను. నీ కడుపు ఈ కియిజ్ కిందికి రాకూడదు. దూరంగా ఉంటే నీ బిడ్డయినా దక్కుతుందని."

"నా..." అన్నాను.

"నెల తప్పిందని నీకన్నా ముందు నాకు తెలుసు. గొర్రె కొవ్వు వాసనకి పరిగెత్తే కోడల్ని నేనింకెక్కడా చూళ్ళేదు. నీళ్ళ మార్పనుకుంటున్నావా?"

గుమ్మంలో మెదెత్ నిలబడి ఉన్నాడు. చేతిలో లారీ తాళం. నోరు తెరుచుకుని ఉంది.

"నువ్వు పోయి పెట్టె దింపరా" అంది అత్తయ్య వాడి వైపు చూడకుండానే. మళ్ళీ నన్ను అడిగింది: "చెప్పవే. చదువుకున్నదానివి. ఆ ఏడాది కూడా ఇవేనా?"

అవును అని చెప్పడం తేలిక.

"నేను అప్పుడు చూడలేదు అత్తయ్యా. ఆ కియిజ్‌ని ఎక్కడ ఆరేశారు?"

"అక్కడే. దొలోనోల కింద."

"ఆ ఏడాది చెట్లకి చిగుళ్ళున్నాయా?"

ఆలోచించింది. "లేవు. మేకలు తిన్నాయని మీ మామయ్య మేకల్ని కొట్టాడు."

"అయితే ఇవే అయి ఉంటాయి."

సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ ముఖం నలిగిపోయింది.

"అయితే నా పిల్ల ఎందుకు పోయినట్టు?"

వెళ్ళి పక్కన కూర్చున్నాను. పైన మూడూ రెక్కలు ఆరబెట్టుకున్నాయి. ఎండ చురుక్కుమన్నాక ఒక్కొక్కటీ కిటికీ లోంచి వెళ్ళిపోయాయి. అత్తయ్య చివరిది వెళ్ళేదాకా లేవలేదు.

ఇక్కడ కూడా రాసుకోవాలి. నాకు నెల తప్పింది. రెండు నెలలు. లెక్క నాకు ముందే తెలుసు.

మే 28

అత్తయ్య లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. కాలిపా పిన్ని వచ్చి "ఏమైంది వదినా, కోడల్ని పంపలేదా?" అంటే, "పంపితే నువ్వు తెచ్చే పెరుగు ఎవరు తింటారు, పో" అంది దుప్పట్లోంచి.

కాలిపా పిన్ని నాతో గొంతు తగ్గించి, "పర్లేదు, బతికే ఉంది" అంది.

మే 29

పొద్దున పొయ్యి శబ్దానికి లేచాను. అత్తయ్య రొట్టెలు కాలుస్తోంది.

"చలికి పోయింది" అంది నాతో, ఆపిన చోటి నుంచి మొదలుపెట్టినట్టు. "ఆ ఏడు జూన్‌లో మంచు పడింది పైన. తడి కట్టెలు. పిల్లకి దగ్గు. గుర్రం మీద రోజున్నర దారి. అంతే. ఇన్నేళ్ళూ నేను అవేవీ తలుచుకోలేదు, చుక్కలే తలుచుకున్నాను."

తర్వాత పనులు చెప్పింది. వెళ్ళేముందు నన్ను కింద ఊరి ఆసుపత్రిలో చూపించాలి. లారీ వెనక్కి రాకూడదు, పైనే ఉండాలి, టాంకు నిండా డీజిలుతో. ఎండుకట్టెలు ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళాలి. ఆగస్టు మొదట్లోనే నన్ను దింపేయాలి, మంచు మాట ఎత్తకముందే.

"లారీ పైనే ఉంటే సరుకు ఎవరు తోలతారమ్మా?" అన్నాడు మెదెత్.

"సరుకు ఏడుస్తుందా? పుట్టబోయేది ఏడుస్తుంది."

"ఇంకా ఏడు నెలలుందిగా!"

"ఇప్పట్నుంచే అలవాటు చేసుకో."

కియిజ్ మాట ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం చూస్తే లారీలో కట్టేసి ఉంది, అన్నిటికంటే పైన.

జూన్ 1

ఆసుపత్రి డాక్టరమ్మ అంతా బాగుందంది. అత్తయ్య నమ్మలేదు, రెండోసారి చూడమంది. రెండోసారి కూడా బాగుందంది.

జూన్ 6

పై మేత. గాలి చాలా ఉంది. రాసేటప్పుడు కాగితాన్ని మోకాలితో అదిమిపెట్టాలి.

నిన్న గుడారం వేశాం. పైకప్పు కప్పేటప్పుడు మరకలు లోపలికి పెట్టాలా బయటికి పెట్టాలా అని మెదెత్ అడిగాడు. మామయ్య కొండల వైపు చూశారు. అత్తయ్య "బయటికి. దాచడానికేముంది?" అంది. సాయంత్రం పక్క గుడారాల వాళ్ళు కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, తెచ్చి, అడక్కుండా ఉండలేక అడిగారు. అత్తయ్య దొలోనో చెట్టు దగ్గర మొదలుపెట్టి చెప్పింది. నల్లనరాలు, నడుముకి దారం, రెక్కలు సాగడం, అన్నీ. నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది. మధ్యలో కందిరీగ ముక్క మర్చిపోతే నేను అందించాను. పది మందికి పైనే ఉన్నారు. గొంతు పెద్దగా వణకలేదు.

ఇవాళ నన్ను రొట్టెలు కాల్చమని పెనం అప్పజెప్పింది. పేడ మంట నాకింకా అర్థం కాలేదు. ఒకటి మాడింది. రెండోదీ మాడింది. అత్తయ్య పక్కన కూర్చుని ఉన్ని చిక్కు తీస్తూ చూస్తోంది.

"మేరిమ్ ఉంటే నీకు ఆడబిడ్డ అయ్యేది" అంది. "నీ కంటే పెద్దది. నీ దుంప తెంచేది. ఒక్క రొట్టె మాడనిచ్చేది కాదు."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల పేరు ఎవరూ ఎప్పుడూ అనలేదు. మెదెత్‌కి కూడా తెలీదనుకుంటాను.

"మేరిమ్" అన్నాను నేను. పలకడానికి బాగుంది.

"ఆఁ. చూసుకో, మూడోదీ మాడుతోంది."

నిజంగానే మాడింది. పక్కన పెట్టబోయాను. అత్తయ్య తీసుకుని, నల్లటి అంచు గోరుతో గీకి, రెండు ముక్కలు చేసి, పెద్దది నాకిచ్చింది.

తిన్నాను. నిలిచింది.